మామూలు రోజుకూ ఒక రీలు

అరచేతిలో ఇమిడే పాత ఫిల్ము కెమెరా మళ్లీ భుజాలకెక్కుతోంది. ఈసారి పెళ్లిళ్లకూ పేరంటాలకూ కాదు. వంటింటికి, వీధి అరుగుకి, బస్టాపుకి.

ఏ తెలుగింటి బీరువాలోనైనా పాత ఫొటోల ఆల్బమ్ ఒకటి ఉంటుంది. తిరగేస్తే పెళ్లిపీటలు, తలంబ్రాలు, అన్నప్రాసన, ఓణీల వేడుక, గృహప్రవేశం, షష్టిపూర్తి వరసగా వస్తాయి. అందరూ పట్టుబట్టలు కట్టుకుని, ఊపిరి బిగబట్టుకుని, కెమెరాకేసి నిటారుగా చూస్తుంటారు. అమ్మ రోట్లో పచ్చడి నూరుతున్న ఫొటో ఉండదు. నాన్న స్కూటరును ఒక పక్కకు వంచి స్టార్ట్ చేస్తున్న ఫొటో ఉండదు. నానమ్మ మధ్యాహ్నం పూట చాప మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్న ఫొటో అసలే ఉండదు. మనకు మనుషులు గుర్తుండేది ఆ తీరులోనే. ఆల్బమ్‌లో దొరకనిదీ ఆ తీరే.

తప్పు ఎవరిదీ కాదు. రీలు ఖరీదు, ప్రింట్లు ఖరీదు. కెమెరా ఉన్న ఇల్లు వీధికొకటి ఉంటే గొప్ప. స్టూడియో నుంచి ఫొటోగ్రాఫరును పిలిపించాలంటే శుభకార్యమేదో ఉండాలి. ఏ విశేషమూ లేని మంగళవారం నాడు ఫొటో దిగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఇప్పుడు ఫోన్లలో అలాంటి మంగళవారాలు వేలకొద్దీ పోగుపడుతున్నాయి. వాటిని మళ్లీ తెరిచి చూసేవాళ్లు తక్కువ, ప్రింటు వేయించేవాళ్లు ఇంకా తక్కువ. ఫోను పాడైతే ఒక్కోసారి నాలుగైదేళ్ల జీవితం దాంతోపాటే పోతోంది.

మామూలు రోజును ఫొటో తీయాలి, అది చేతికందే వస్తువుగా ఇంట్లో మిగలాలి. ఈ రెండూ కావాలనుకునే వాళ్లకు నేను గట్టిగా చెప్పే పేరు ఒకటుంది: చిన్న సైజు రేంజ్‌ఫైండర్ కెమెరా. 1960లు, 70లలో జపాన్ ఫ్యాక్టరీల నుంచి లక్షల సంఖ్యలో బయటికొచ్చిన ఈ కెమెరాలు షోకేసులో పెట్టుకోవడానికి తయారైనవి కావు. సంసారుల చేతుల్లో నలగడానికి పుట్టినవి. వాటిని ఈనాటికీ అలాగే వాడుకోవచ్చు.

జీతగాళ్ల కెమెరా

కెనాన్ కంపెనీ 1961 జనవరిలో 'కెనానెట్' అనే కెమెరాను 18,800 యెన్లకు బజారులో పెట్టింది. అప్పటిదాకా ఆ కంపెనీ పేరు చెబితే ఖరీదైన కెమెరాలే గుర్తొచ్చేవి. మంచి లెన్సు, వెలుతురును తనే కొలుచుకునే ఏర్పాటు, సరిగ్గా ఫోకస్ చేసే రేంజ్‌ఫైండర్, ఈ మూడూ ఒక్క కెమెరాలో మధ్యతరగతికి అందే ధరకు రావడంతో జనం ఎగబడ్డారు. రెండున్నరేళ్లలో పది లక్షల కెమెరాలు అమ్ముడుపోయాయి. మినోల్టా, యాషికా, కొనికా, ఒలింపస్ ఒకదాన్ని మించి ఒకటి ఇలాంటివే తయారుచేశాయి. ఆ పోటీలో కొనేవాడు బాగుపడ్డాడు.

ఆ వంశంలో అందరికంటే పేరు తెచ్చుకున్నది 1972లో వచ్చిన కెనానెట్ క్యూఎల్17 జీ-త్రీ. నేను రోజూ సంచిలో వేసుకుని తిరిగేది అదే. బరువు 620 గ్రాములు. 40 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్ 1.7 దాకా తెరుచుకుంటుంది. అంటే ట్యూబ్‌లైటు వెలుతురు చాలు, ఫ్లాష్ కొట్టనక్కర్లేదు. షట్టరు వేగం సెకనులో నాలుగో వంతు నుంచి ఐదువందలో వంతు దాకా ఉంటుంది. పేరులో ఉన్న 'క్యూఎల్' అంటే క్విక్ లోడ్. పాత కెమెరాల్లో రీలు ఎక్కించడం ఎంత తంటానో స్టూడియోలో పనిచేసినవాళ్లకు తెలుసు. ఫిల్ము కొసను స్పూలు సందులో దూర్చాలి, పళ్లకు తగిలించాలి, జారిపోకుండా వేలితో అదిమిపట్టి తిప్పాలి. కెనానెట్‌లో ఆ బాధ లేదు. వెనక తలుపు తీసి, డబ్బీని ఎడమ గూట్లో కూర్చోబెట్టి, ఫిల్ము కొసను కుడివైపు ఎర్ర గుర్తు దాకా లాగి పరిస్తే చాలు. తలుపు వేస్తుంటే లోపలున్న చిన్న రేకు మూత దానంతటదే వచ్చి ఫిల్మును పట్టేస్తుంది. నడిబజారులో నిలబడి రీలు మార్చేయొచ్చు.

ఇందులో నాకు బాగా నచ్చిన తెలివి మరొకటి ఉంది. రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది లెన్సులోంచి కాదు, పైనున్న కిటికీలోంచి. లెన్సుకు మూత ఉన్నా కంటికి అంతా మామూలుగానే కనిపిస్తుంది. మూత తీయకుండానే రీలంతా కొట్టేసిన కథలు ఈ కెమెరాల చుట్టూ బోలెడు వినిపిస్తాయి. కెనానెట్‌లో వెలుతురు కొలిచే కన్నును లెన్సు చుట్టూ ఉన్న వలయం లోపలే అమర్చారు. మూత పెట్టి ఉంటే ఆ కన్నూ మూసుకుపోతుంది. వెలుతురు చాలదనుకుని కెమెరా, ఆటోలో ఉన్నంతసేపూ, బటన్ నొక్కనివ్వదు. లెన్సు మీద ఫిల్టరు బిగించినా లెక్క దానంతటదే సరిపోతుంది. వాడేవాడు ఎక్కడ పొరపాటు పడతాడో ముందే ఊహించి చేసిన పని ఇది.

రెండు బొమ్మలు ఒకటయ్యే చోటు

రేంజ్‌ఫైండర్ అంటే దూరాన్ని కొలిచే సాధనం. కెమెరా ముందువైపు పైన రెండు కిటికీలు కనిపిస్తాయి. పెద్దదాంట్లోంచి మనం చూస్తాం. దానికి కొన్ని సెంటీమీటర్ల ఎడంగా ఉన్న చిన్నదాంట్లోంచి అదే దృశ్యం ఇంకాస్త పక్క నుంచి లోపలికొస్తుంది. లోపలున్న అద్దం, సగం పాదరసం పూసినట్టుండే మరో పలక, ఈ రెండో బొమ్మను తెచ్చి మొదటి బొమ్మ నడుమ పసుపుపచ్చని చిన్న మచ్చలో చూపిస్తాయి. మొదట రెండు బొమ్మలూ విడివిడిగా ఉంటాయి. ఎదుటి మనిషికి రెండు ముక్కులు కనిపిస్తాయి. లెన్సు చుట్టూ ఉన్న పిడిని వేలితో జరుపుతుంటే లోపలి ఏర్పాటు కదిలి, రెండో ముక్కు మెల్లగా వచ్చి మొదటిదానితో కలిసిపోతుంది. ఆ క్షణాన దూరం కుదిరినట్టే. మన రెండు కళ్లూ దూరాన్ని అంచనా కట్టేదీ ఈ త్రికోణం లెక్కతోనే. ఫిరంగులు పేల్చే సైనికులూ దూరాన్ని ఇలాగే కొలిచేవారు.

ఈ ఏర్పాటును లెన్సుతో జతకలిపి చిన్న కెమెరాలో ఇమిడ్చి జనంలోకి తెచ్చిన ఘనత జర్మనీ లైకాది. ఓస్కార్ బర్నాక్ రూపొందించిన లైకా 1925లో లైప్‌జిగ్ సంతలో లోకానికి పరిచయమైంది. లెన్సుతో కలిసి పనిచేసే రేంజ్‌ఫైండర్ 1932 నాటి మోడల్లో వచ్చింది. ఆ కెమెరా చేతబట్టుకునే ఫ్రెంచి ఫొటోగ్రాఫరు హెన్రీ కార్టియే-బ్రెసాన్ ప్రపంచమంతా తిరిగాడు. మెరిసే భాగాలు జనం కంటపడకుండా నల్ల టేపు అంటించుకునేవాడు. 1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీజీని కలిశాడు. ఆయన హత్యకు గురైంది ఆ సాయంత్రమే. ఆ తర్వాతి రోజుల్లో శోకంలో మునిగిన ఢిల్లీని తీసిన ఆ బొమ్మలు ఇవాళ మన దేశ చరిత్రలో భాగం.

లైకా అప్పుడూ ఇప్పుడూ సామాన్యుడికి అందని మాటే. దాని గుణాల్లో ముఖ్యమైనవాటిని జపాన్ కంపెనీలు చవకగా పంచిపెట్టాయి. ఆ జపాన్ కెమెరాలు ఎంత మామూలు బజారు వస్తువులైపోయాయంటే, 1962 ఫిబ్రవరి 20న అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగొచ్చినప్పుడు వెంట తీసుకెళ్లిన కెమెరాల్లో ఒకటి ఫ్లోరిడాలో మందులషాపు నుంచి కొన్నది. మినోల్టా హై-మాటిక్‌నే అమెరికాలో ఆన్స్‌కో ఆటోసెట్ పేరుతో అమ్మేవారు. గ్లెన్ కొన్నది అదే. లావుపాటి చేతితొడుగులతో నొక్కడానికి వీలుగా దానికి పిస్తోలు పిడి తగిలించి ఇచ్చారు ఇంజినీర్లు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో దాన్ని భద్రపరిచారు.

చప్పుడు చేయని పని

పెద్ద ఎస్సెల్లార్ కెమెరాలో బటన్ నొక్కగానే లోపలి అద్దం పైకి లేస్తుంది, టపుక్కున చప్పుడవుతుంది, ఆ కాసేపు కంటికి చీకటి. అంటే సరిగ్గా ఫొటో పడే క్షణాన్ని తీసేవాడే చూడలేడు. రేంజ్‌ఫైండర్‌లో అద్దం లేదు. కంటికి అడ్డు రాదు. షట్టరు లెన్సు లోపలే పలుచటి రేకులుగా ఉంటుంది. అవి తెరుచుకుని మూసుకుంటే 'టిక్'మని ఒక్క చిన్న శబ్దం. గుళ్లో, లైబ్రరీలో, నిద్రపోతున్న పసిబిడ్డ పక్కన కూడా ఫొటో తీయొచ్చు.

ఇంకో సుగుణం కిటికీలో ఉంది. ఫొటోలో ఎంత పడుతుందో చూపించే వెలుగుగీత చుట్టూ ఇంకా కొంత బయటి లోకం కనిపిస్తూనే ఉంటుంది. వీధిలో సైకిల్ మీద వస్తున్న పిల్లాడు గీత లోపలికి రాకముందే కంట్లో పడతాడు. వాడు ఎక్కడికొచ్చాక నొక్కాలో ముందే అనుకోవచ్చు. నా దృష్టిలో రోజువారీ ఫొటోలకు ఈ కెమెరా ఇచ్చే అసలు వరం ఇదే. ఫొటోగ్రాఫరు పెట్టెలో ఇరుక్కుపోడు, వీధిలోనే ఉంటాడు.

మనుషులు కూడా ఈ కెమెరా ముందు వేరేగా ఉంటారు. ఆదివారం అబిడ్స్‌లో షట్టర్లు దించిన దుకాణాల ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడికి పెద్ద కెమెరాతో వెళ్తే ఏ పేపరని అడుగుతారు, లేదంటే మొహం తిప్పుకుంటారు. కెనానెట్ మెడలో చూసి ఒక పుస్తకాలాయన, "సార్, ఇది రీలు కెమెరానా? ఇంకా కొడుతుందా?" అని తనే పలకరించాడు. చేతికిచ్చాను. తిప్పి చూసి, కిటికీలో కన్నుపెట్టి, వాళ్ల బాబాయి దగ్గర ఇలాంటిదే ఉండేదని చెప్పుకొచ్చాడు. మాటల్లో పడి మళ్లీ తన పనిలోకి వెళ్లాడు. అట్ట ఊడిన నిఘంటువుకు దారం చుడుతూ, కొసను పళ్ల మధ్య పట్టుకుని, కళ్లు చిట్లించి ముడి వేస్తున్నాడు. వేళ్ల సందుల్లో పాత కాగితాల దుమ్ము. అప్పుడు నొక్కాను. ఆ 'టిక్' ఆయన చెవిన పడనేలేదు.

"చీరైనా మార్చుకోనీ"

వీధి కంటే కష్టమైన చోటు ఇల్లు. ఇంట్లో ఫొటో అనగానే పెద్దవాళ్లకు స్టూడియో గుర్తొస్తుంది. వంటింట్లో అమ్మకేసి కెమెరా ఎత్తితే వచ్చే మొదటి మాట, "ఉండరా, ఈ నలిగిన చీరలోనా? మార్చుకోనీ." రెండో మాట, "గిన్నెలన్నీ ఇలాగే ఉన్నాయి, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" మూడు తరాలుగా ఫొటో అంటే లోకానికి చూపించుకునే మొహమనే నేర్చుకున్నాం. ఆ అలవాటు ఒక్కరోజులో పోదు.

నేను చెప్పేది ఒకటే, చీర మార్చుకోనివ్వకండి. కెమెరాను గట్టు మీద పెట్టి కూరగాయలు తరగడంలో సాయం చేయండి. రోజూ కళ్లెదుట ఉంటే కెమెరా అట్లకాడలా ఇంటి సామాన్లలో కలిసిపోతుంది. నాలుగో రోజుకో ఐదో రోజుకో అమ్మ దాని సంగతి మరిచిపోతుంది. అప్పుడు కిటికీలోంచి వచ్చే పొద్దుటి వెలుగు పోపు పొగలో పడే వేళకు, ఐఎస్ఓ 400 రీలు వేసి, లెన్సు ఎఫ్ 2 దగ్గర పెట్టి, షట్టరు సెకనులో అరవయ్యో వంతు మీద ఉంచితే ఫొటో వచ్చి తీరుతుంది. భుజం మీద వేసుకున్న తుండుగుడ్డ, మసిపట్టిన బాణలి, గోడకున్న క్యాలెండరు మీద పాలవాడి లెక్క, అన్నీ అందులో పడతాయి. ఇరవయ్యేళ్ల తర్వాత పిల్లలు వెతుక్కునేది ఆ క్యాలెండరునే.

రీలుకు 36 ఫొటోలే కావడం ఇక్కడ మేలు చేస్తుంది. రీలు ధర, కడిగించడం, ప్రింట్లు కలిపితే ఇవాళ ఒక్కో ఫొటోకు పదుల రూపాయలు పడుతోంది. అది తక్కువేమీ కాదు. అందుకే నొక్కేముందు కాస్త ఆగుతాం, ఆగినప్పుడు చూస్తాం. తీసినవెంటనే చూసుకోవడానికి వెనక తెర లేదు. కాబట్టి చూపు ఎదుటి మనిషి మీదే నిలుస్తుంది. నా అలవాటు నెలకో రీలు. అంటే రోజుకొక్క ఫొటో, పైన మరికాసిని. సంసారి బడ్జెట్‌కు అది సరిపోతుంది.

మన ఎండకు తగ్గ లెక్క

బ్యాటరీ అయిపోయినా, వెలుతురు కొలిచే మీటరు చచ్చినా కెనానెట్ లాంటి కెమెరాతో పని ఆగదు. ఎండనుబట్టి లెక్క కట్టే పాత పద్ధతి ఒకటుంది. నిండు ఎండలో లెన్సును ఎఫ్ 16 దగ్గర పెట్టి, రీలు ఐఎస్ఓ ఎంతో షట్టరును దానికి దగ్గరి అంకె మీద ఉంచాలి. ఐఎస్ఓ 200 రీలుకు సెకనులో రెండువందల యాభయ్యో వంతు, 400 రీలుకు ఐదువందలో వంతు. మబ్బు పడితే ఎఫ్ 8కి రండి. చెట్టు నీడలోనో పంచలోనో అయితే ఎఫ్ 5.6 లేదా 4. బెజవాడ ఎండాకాలంలో పొద్దున తొమ్మిది దాటాక ఈ లెక్క తప్పడమంటూ ఉండదు. అయితే నడినెత్తి మీది ఎండలో మొహాలు బాగా రావు, కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. మన దగ్గర ఫొటోకు అసలైన వేళలు పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం నాలుగున్నర దాటాక. మిగతా పగలంతా అరుగులు, వరండాలు, చావిళ్లు, షామియానా కింది నీడలు. తెల్ల సున్నం గోడ నుంచి తిరిగొచ్చే వెలుతురంత మెత్తటి వెలుతురు ఏ స్టూడియోలోనూ దొరకదు.

తొందరలో ఫోకస్ చేసే తీరిక లేకపోతే దానికీ ఉపాయముంది. 40 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 8 దగ్గర పెట్టి, దూరాన్ని మూడు మీటర్ల మీద ఉంచండి. రెండు మీటర్ల నుంచి దాదాపు అయిదున్నర మీటర్ల దాకా అన్నీ స్పష్టంగా పడతాయి. వీధిలో మనిషికీ మనిషికీ మధ్య మామూలుగా ఉండే దూరం అదే. బస్టాపు దగ్గర, రైతుబజారులో నేను కిటికీలో పసుపు మచ్చను వెతకను. కెమెరా ఎత్తడమే, నొక్కడమే.

చేయలేనివీ ఉన్నాయి, ముందే చెప్పాలి. కెనానెట్ 80 సెంటీమీటర్ల కంటే దగ్గరకు పోదు. పువ్వు మీద మంచుబొట్టు, నగల మీది పనితనం దీనికి అందవు. లెన్సు మార్చే వీల్లేదు. దూరాన చెట్టు మీది పిట్ట ఫొటోలో చుక్కంత ఉంటుంది. మనుషులకు, గదులకు, వీధులకు ఇది చక్కటి కెమెరా.

దుబాయి నుంచి వచ్చిన యాషికా

కెనానెట్ ఒక్కటే దారి కాదు. ఒలింపస్ సంస్థలో యోషిహిసా మైతాని అనే ఇంజినీరు ఉండేవాడు. కెమెరా ఇంట్లో ఉండిపోతే ఎంత మంచిదైనా దండగేనన్న పట్టుదల ఆయన పనిలో అడుగడుగునా కనిపిస్తుంది. 1979లో ఆయన చేసిన ఒలింపస్ ఎక్స్‌ఏ బరువు 225 గ్రాములు. చొక్కా జేబులో పడుతుంది. విడిగా మూత లేదు, తోలు సంచి లేదు. ముందున్న రేకును పక్కకు జరిపితే లెన్సు బయటపడుతుంది, మూస్తే మళ్లీ సబ్బుబిళ్లంత నున్నటి నల్ల వస్తువు. ఇంత చిన్నదాంట్లో నిజమైన రేంజ్‌ఫైండర్, 35 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 లెన్సు అమర్చాడు. అడుగున ఒక చిన్న మీట ఉంటుంది. సెల్ఫ్ టైమరు కోసం దాన్ని బయటికి తిప్పితే అదే కెమెరాకు ముందు కాలుగా నిలబడుతుంది. వాచీ దుకాణంలో దొరికే బటన్ బ్యాటరీలు రెండు వేస్తే చాలు. ప్రయాణాల్లో ఉండేవాళ్లకు నా ఓటు దీనికే.

మన ఇళ్లలో దొరికే అవకాశం ఎక్కువున్నది మాత్రం యాషికా. 1966లో మొదలైన ఎలక్ట్రో 35, ఆ తర్వాత దాని తమ్ముళ్లు ప్రపంచమంతా అమ్ముడుపోయాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు సెలవుల్లో వస్తూ టేప్‌రికార్డరుతోపాటు యాషికా కెమెరాలు తెచ్చిన రోజులున్నాయి. ఎలక్ట్రోలో లెన్సు మనం పెట్టుకుంటే షట్టరు వేగాన్ని కెమెరాయే చూసుకుంటుంది. పసుపు దీపం వెలిగితే వేగం తక్కువ, చేయి కదలకూడదు. ఎర్ర దీపం వెలిగితే వెలుతురు మరీ ఎక్కువ. 2012లో వచ్చిన 'ది అమేజింగ్ స్పైడర్ మ్యాన్' సినిమాలో పీటర్ పార్కర్ మెడలో ఉన్నది ఎలక్ట్రో 35యే. ఆ సినిమా తర్వాత ఈ కెమెరా కోసం కుర్రాళ్లు వెతకడం మొదలుపెట్టారు.

కొనేముందు, వాడేముందు

యాభై ఏళ్ల వయసున్న యంత్రం కాబట్టి పరీక్షించే తీసుకోవాలి. వెనక తలుపు తీసి, లెన్సును పూర్తిగా తెరిచి, ఒక్కో వేగం మీద బటన్ నొక్కి చూడండి. పాత నూనె జిగురుకట్టి షట్టరు రేకులు అతుక్కుపోవడం కెనానెట్‌లకు బాగా వచ్చే జబ్బు. టార్చి వేసి లెన్సులోకి చూడండి. సాలెగూడులాంటి తెల్లని పోగులు కనిపిస్తే అది బూజు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ల కెమెరాల్లో ఎక్కువ. దూరాన ఉన్న సెల్ టవర్‌ను కిటికీలోంచి చూస్తే, లెన్సు అనంత దూరం గుర్తు మీద ఉన్నప్పుడు రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడాలి. పడకపోతే మెకానిక్ సరిచేయగలడు. యాషికా ఎలక్ట్రో అయితే ఫిల్మును ముందుకు జరిపే మీట తిప్పేటప్పుడు లోపల 'టంక్'మని వినబడాలి. వినబడకపోతే లోపలి చిన్న రబ్బరు దిండు అరిగిందని అర్థం, రిపేరు చేయించక తప్పదు. తలుపు అంచుల్లోని నల్ల స్పాంజి ఈపాటికి తారులా కరిగి ఉంటుంది. దాన్ని గీకేసి కొత్తది వేయకపోతే వెలుతురు దూరి ఫొటోల మీద నారింజరంగు చారలు పడతాయి. అరగంట పని, ఇంట్లోనే చేసుకోవచ్చు.

బ్యాటరీ దగ్గర చాలామంది ఆగిపోతారు. ఈ కెమెరాల్లో చాలావాటికి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కావాలి. పాదరసం విషం కాబట్టి అవి బజారు నుంచి పోయాయి. పోవడమే మంచిది. వాటి బదులు 1.5 వోల్టుల మామూలు బ్యాటరీ వేస్తే మీటరు వెలుతురు ఉన్నదానికంటే ఎక్కువ చూపించి, ఫొటో మసకబారుతుంది. పరిష్కారం చెవి మిషన్లమ్మే దుకాణంలో ఉంది. 675 నంబరు జింక్ ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులిస్తుంది. చుట్టూ సన్నటి వలయం పెడితే గూట్లో సరిగ్గా కూర్చుంటుంది. దాని మీద అంటించిన కాగితం ఊడదీసినప్పటి నుంచి రెండు మూడు నెలలే వస్తుంది కానీ, ధర తక్కువ.

దాచే విషయంలో ఒక్క మాట. తోలు కేసులో పెట్టి బీరువాలో పడేయకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, బూజుకు అంతకంటే మంచి ఇల్లు ఉండదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. మే నెలలో కారులో వదిలేయకండి. వాడని రీళ్లు ఫ్రిజ్‌లో ఉండాలి. తీసిన వెంటనే డబ్బీ తెరిస్తే చెమ్మ పడుతుంది, గది వేడికి వచ్చాకే తెరవాలి. విమానాశ్రయాల్లో కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు ఫిల్మును పాడుచేస్తాయి. రీళ్లను చేతితో పరీక్షించమని అడగండి.

ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఒకప్పుడు 'ఇందు' పేరుతో మన రీళ్లు మనకే తయారుచేసింది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు మనం వాడే రీళ్లన్నీ విదేశాలవే. కోడక్ రంగుల రీళ్లు, ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 లాంటి నలుపు-తెలుపు రీళ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కడిగే ల్యాబులు పెద్ద ఊళ్లలో ఉన్నాయి, కొరియరులో పంపినా కడిగి స్కాన్ చేసి పంపుతారు. నలుపు-తెలుపు మాత్రం ఇంట్లో కడుక్కోమనే నా సలహా. మందు 20 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మన వేసవిలో కుళాయి నీళ్లే 30 దాటుతాయి కాబట్టి పళ్లెంలో ఐసుముక్కలు వేసి సీసాలను అందులో నిలబెట్టాలి. తడి రీలును బట్టల క్లిప్పుకు వేలాడదీసి, దీపానికి ఎదురుగా పట్టుకుని చూసినప్పుడు, నల్లగా ఉండాల్సినవి తెల్లగా, తెల్లగా ఉండాల్సినవి నల్లగా, మన ఇల్లూ మన వీధీ వరసగా కనిపిస్తాయి. ఆ నెగటివ్‌కు పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు. జాగ్రత్తగా దాస్తే మనవల చేతికొస్తుంది.

లోకమూ ఇటు తిరిగి చూస్తోంది. లైకా 2022లో తన పాత ఎం6 ఫిల్ము కెమెరాను మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. 2024లో పెంటాక్స్ 17 అనే కొత్త ఫిల్ము కెమెరా వచ్చింది. కొత్తవి రావడం సంతోషమే. కానీ పాత కెనానెట్‌లూ యాషికాలూ ఇంకా ఎన్నో ఇళ్లలో మూలపడి ఉన్నాయి. వాటి లోపలి స్క్రూ ప్రతిదీ తెలిసిన మెకానిక్‌లు కోఠిలోనూ మరికొన్ని ఊళ్లలోనూ ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో చాలామంది పెద్దవయసులో పడ్డారు, పని నేర్చుకునేవాళ్లు లేరు. వాళ్లు చేయగలిగిన రోజుల్లోనే ఆ కెమెరాలు బాగుపడాలి.

కాబట్టి ఈ వారమే అటక మీద వెతకండి. మామయ్య దుబాయి నుంచి తెచ్చిన యాషికా ఉంటే, ముందు దాని బ్యాటరీ మూత తీసి చూడండి. లోపల పచ్చటి తుప్పు పట్టి ఉంటే భయపడకండి, నిమ్మరసంలో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే చాలావరకు పోతుంది. మెకానిక్‌కు చూపించి, నలుపు-తెలుపు రీలు ఒకటి వేయండి. పండగ కోసం దాచకండి, ఇంటి నుంచే మొదలుపెట్టండి. ప్రింట్లు వచ్చాక ప్రతిదాని వెనకా మెత్తటి పెన్సిల్‌తో తేదీ, ఊరు, అందులో ఉన్నవాళ్ల పేర్లు రాయండి. పెన్నుతో రాయొద్దు, సిరా ముందువైపుకు దిగుతుంది.